కింది రోడ్డు మీద వడ్లు

గోదావరి పక్కన కింది రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే ఎదురైన ప్రతివాడూ అడిగే మాట ఒకటే. "ఏందన్నా, బండి కరాబైందా?" యాభై దాటిన మనిషి సైకిల్ మీద పోతున్నాడంటే బండి చెడిపోయి ఉండాలి, లేదా పెట్రోలు అయిపోయి ఉండాలి. ఒకాయన అయితే తన బండి ఆపి సీసాడు పెట్రోలు తీసిస్తానన్నాడు. మొదట్లో నవ్వేవాణ్ని. తర్వాత విసుగొచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో వాళ్లు రోజూ అనేదే. "షుగరున్నది, డాక్టర్ తొక్కుమన్నడు, సాలునా?" అని కసురుకుని ముందుకు పోయేవాణ్ని.

లక్షెట్టిపేట దాటాక పెద్ద రోడ్డు లారీలతో దడదడలాడుతూ పోతుంది. కింది రోడ్డు అలా కాదు. నది ఎటు తిరిగితే అటు తిరుగుతూ, చిన్న చిన్న ఊళ్లను తాకుతూ పోతుంది. పొద్దున ఆరింటికి బయలుదేరితే గంట సేపట్లో ఒక పాలబండి, రెండు ట్రాక్టర్లు, అంతే. ఒక పక్క పొలాల్లో మోటార్లు, ఇంకో పక్క చెట్ల సందున నీళ్లు. ఉద్యోగం, ఆఫీసు, షుగరు అన్నీ మరిచిపోయేవాణ్ని. ఆ రోడ్డు నా ఒక్కడిదే అనిపించేది. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట దగ్గరే తల దించుకోవాల్సి వస్తోంది.

సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే బిగుతు బట్టలంటే నాకు సిగ్గు. వెలిసిపోయిన టీషర్టు, పాత నిక్కరు వేసుకుని పోయేవాణ్ని. సైకిల్ మాత్రం మంచిది. నల్లరంగు వేసి ఏ హంగూ లేకుండా ఉంటుంది కాబట్టి తెలిసినవాడికే దాని సంగతి తెలుస్తుంది.

ఆ దారిలో ఒక మలుపు దగ్గర రెండు గదుల రేకుల ఇల్లు. అందులో ఒక పెద్దావిడ, అరవై పైబడి ఉంటాయి. పొద్దున్నే వాకిట్లో ఉండేది. అందరూ అడిగే ప్రశ్న ఆమె ఒక్కనాడూ అడగలేదు. "పొద్దుగాల్నే ఎల్లినవా బిడ్డా" అనేది, నేను తల ఊపేవాణ్ని. ఒక్కరైనా తెలివిగలవాళ్లు ఉన్నారు ఈ దారిలో అనుకునేవాణ్ని.

పోయిన ఏడాది ఎండాకాలం, యాసంగి కోతలప్పుడు ఆమె తన వడ్లు రోడ్డు మీద పోసింది. ఆమే కాదు, ఆ సీజన్లో అందరూ పోస్తారు. కోత మిషన్ తీసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ తగ్గకపోతే కొనుగోలు సెంటర్లో కాంటా పెట్టరు. ఎండకు కాగే తారు రోడ్డును మించిన కల్లం ఇంకెక్కడుంది? సగం రోడ్డు మీద వడ్లు, అంచు వెంట వరసగా రాళ్లు. అడ్డంగా కాళ్లు ఈడుస్తూ నడిచి వడ్లను తిరగేస్తారు. నాకిది ఎవరూ చెప్పక్కర్లేదు. మాది హుజూరాబాద్ పక్క పల్లె. మా అవ్వ వడ్లు ఎండబోస్తే మేకలు రాకుండా నేనే కాపలా ఉండేవాణ్ని. మా వడ్ల మీద నుంచి జీపు పోనిచ్చినవాడి వెనక రాయి విసిరిన మనిషిని నేను.

ఆ మనిషినే ఆ రోజు మలుపు తిరుగుతూ ఆమె పెట్టిన రాయికి ముందు చక్రం తగిలించి పడ్డాను. తప్పు నాది. వేగంగా ఉన్నాను, నది వైపు చూస్తున్నాను. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారింది.

"రోడ్డేమన్న మీ అయ్య జాగీరా? మనుషులు సావాల్నా ఏంది?" అని అరిచాను.

ఆమె చేతిలో కట్టె కింద పడేసి ఉరికొచ్చింది. "అయ్యో బిడ్డా, తాకిందా? జర కూసో. పసుపు తెస్త, నెత్తురు ఆగుతది." ఇంట్లోకి పోయింది.

ఆమె పసుపు కోసం పోయిన ఆ కాసేపట్లో నేను చేసిన పని ఇది. ఫోన్ తీశాను. వడ్లు, రాళ్లు, పడిపోయిన నా సైకిల్ అన్నీ వచ్చేలా ఫోటో తీశాను. అప్పటికే ఆమె నీళ్లు ఒలక్కుండా చెంబునే చూసుకుంటూ వాకిలి దాటి వస్తోంది. ఆమె కూడా ఫోటోలో పడింది. పసుపు వద్దు, నీళ్లు వద్దు అని విసురుగా సైకిలెక్కాను. కొంత దూరం పోయాక ఆగి, మా సైకిల్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో పెట్టి "ఇదీ మన రోడ్ల సంగతి. అడిగే నాథుడే లేడు" అని రాశాను. ఇంటికి వచ్చేసరికి నలభై మంది మెచ్చుకున్నారు. ఒకాయన తనకు తెలిసిన పై అధికారికి పంపానని రాశాడు. సంతోషించాను. ఆ మాట దాచితే ఇదంతా రాసి లాభం లేదు.

మోకాలు మానడానికి పది రోజులు పట్టింది. తర్వాత మళ్లీ ఆ మలుపు దగ్గరికి వచ్చాను. రోడ్డు మీద వడ్లు లేవు. ఇంటి ముందు ఒక పాత టార్పాలిన్ పరదా మీద కొన్ని ఉన్నాయి. దగ్గరికి పోకముందే ముక్కిన వాసన. వడ్లకు తెల్లటి మొలకలు. ఆమె కూర్చుని వేళ్లతో విడదీస్తోంది.

"వచ్చినవా బిడ్డా! మోకాలు మానిందా? పది దినాలాయె కనవడక, పరేషానైన."

"వడ్లేమైనయ్ అవ్వా?"

"ఏం జెప్పాలె. ఎవడో కారోడు ఫోటువ తీసి పై సార్లకు పంపిండట. ఫోటువల నేనున్ననట, నా ఇల్లే అడుక్కుంట వచ్చిన్రు. తీస్తవా, కేసు వెట్టాల్నా అన్నరు. ఉరుకులాడుకుంట ఎత్తి పొలంల పోసిన. గా మాపటికే చెడగొట్టు వాన దంచికొట్టింది. ఉన్నదొక్క పరదా, సగానికి సుత రాలే. మొలకలొచ్చినయ్, మాకొద్దని సెంటరోళ్లు అన్నరు. ఏడాది కష్టం బిడ్డా. వాని చేతులు పడిపోను!"

నా చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి. "కారోడే అని ఎట్ల తెలుసు?" అన్నాను. అలా ఎందుకు అడిగానో, బయటపడతాననా, తప్పించుకుంటాననా, నాకే తెలియదు.

"సైకిల్ మీద పోయేటోళ్లు గట్ల చెయ్యరు. ఎండ కష్టం ఎరిగినోళ్లు. నువ్వు నాలుగు మాటలన్నవ్, అంతే గదా. నెత్తురు కారుతుంటే ఎవ్వరికన్న కోపమొస్తది."

ఏం చెయ్యాలో తోచక బూట్లు విప్పి, పరదా మీద వడ్లను కాళ్లతో తిరగేయడం మొదలుపెట్టాను. వరసలు వంకర పోకుండా, మా అవ్వ నేర్పినట్టే. ఆమె చూసి "ఓయమ్మ, నీకు వచ్చునే! రైతు బిడ్డవే" అని మురిసిపోయింది. చాలాసేపు నన్నే చూసి, లేచి, ఇంటి పక్కకు రమ్మంది. రేకుల కింద పాత చీర కప్పిన మోటారు సైకిల్ ఉంది.

"మా కొడుకుది. మస్కట్ పోయి రెండేండ్లాయె. ఊకనే తుప్పు పడుతున్నది. వాడు వచ్చేదాక నువ్వు నడుపుకో. గీ వయసుల గింత దూరం సైకిల్ తొక్కుకుంట పనికి పోవుడేంది? అందరు బండి కరాబైందా అని నిన్ను అడుగుడు వింటనే ఉన్న. నేనెన్నడన్న అడిగిన్నా? లేనోణ్ని అడిగితే చిన్నబోతడని అడగలే."

నా సైకిల్ ఆ బండి కంటే ఖరీదైనది. ఫోన్ తీసి ఫోటో చూపించాను. అంతకంటే వేరే విధంగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆమె ఫోన్ దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. "గిది నేనే గదా" అంది. తర్వాత వేలితో చూపిస్తూ, "చెంబు పట్టుకోని నీ దిక్కే వస్తున్న."

"తప్పైంది అవ్వా. కోపంల..."

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. బండి మీద చీర సరిగ్గా కప్పింది. "పో. ఎండెక్కుతున్నది" అంది. బిడ్డా అనలేదు.

ఆ రోజే కొనుగోలు సెంటర్‌కు పోయి బతిమాలాను. మొలకెత్తినవి ఎట్ల తీసుకుంటం అని వాళ్లు నన్నే అడిగారు. నష్టం నేను భరిస్తానని చెప్పడానికి రెండుసార్లు ఆమె ఇంటికి పోయాను. నేను వస్తుంటే ఆమె లోపలికి పోయింది. ఇక ఆ దారి మానేశాను. ఏడాదంతా పెద్ద రోడ్డు మీద, లారీల పక్కన తొక్కాను. అక్కడ బండి కరాబైందా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

మొన్న యాసంగి కోతలు మొదలయ్యాయి. రెండు కొత్త పరదాలు కొని, వీపుకు కట్టుకుని మళ్లీ కింది రోడ్డున పోయాను. ఇవ్వగలనో లేదో తెలియదు. తీసుకుంటుందనీ నమ్మకం లేదు. వాకిట్లో పెట్టి వచ్చినా చాలనుకున్నాను.

మలుపు తిరగ్గానే సగం రోడ్డు మీద బంగారంలా వడ్లు. ఆమె కాళ్లతో తిరగేస్తోంది. నేను అప్పటికే సైకిల్ దిగి నడుస్తున్నాను. ఆమె తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. కట్టె పడేసి వంగి, రెండు చేతులతో వడ్లను రోడ్డు మీద నుంచి మట్టిలోకి నెట్టడం మొదలుపెట్టింది.

"వద్దవ్వా, వద్దు, నేను ఇటు నుంచి పోను" అంటూ ఉరికాను.

"ఒక్క నిమిషం ఆగున్రి సారూ" అంది ఆమె, తల ఎత్తకుండానే. "తీసేస్తున్న. తీసేస్తున్న. ఫోటువ తియ్యకున్రి."

చూస్తుండగానే రోడ్డంతా నాకోసం ఖాళీ అయింది.