చెప్పడం వరకే అత్త ఉద్యోగం

మా మేనత్త పోయింది. కిందటి వారం విశాఖపట్నంలో, పొద్దున్నే నడకకి వెళ్ళొచ్చి చెప్పులు విప్పుకుంటూ గుమ్మంలోనే ఒరిగిపోయిందట. నాన్నకి ఫోన్ వచ్చేసరికి నేను కాలేజీకి బయల్దేరుతున్నాను. ఆయన ఒక్క నిమిషం విని, ఫోన్ నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి నాకు ఒకచోట నిలవబుద్ధి కావడం లేదు. పాఠం చెబుతూ మధ్యలో కిటికీ దగ్గరికి వెళ్ళిపోతున్నాను. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తున్నాను. రాస్తేనైనా కుదుటపడతానేమోనని కూర్చున్నాను.

అత్త నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మా చోడవరంలోనే చదువుకుని, ఢిల్లీ వెళ్ళి, కేంద్ర ప్రభుత్వంలో సీనియర్ ఆర్థిక సలహాదారుగా రిటైరయింది. మా వీధిలో ఆ ఉద్యోగం ఎవరికీ అంతుబట్టేది కాదు. కలెక్టరంటే తెలుసు, జడ్జీ అంటే తెలుసు. సలహాదారేమిటి? పాలు పోసే ఆవిడ అడిగితే నేనూ తెల్లమొహం వేసేదాన్ని. చివరికి అత్తనే అడిగాను.

"ఈ పని సేస్తే ఎవరు బాగుపడతారు, ఎవరికి దెబ్బ తగులుతాది, అది ముందే సెప్పాలే. సెయ్యడం, మానడం వాళ్ళిష్టం. సెప్పడం వరకే నా ఉద్యోగం," అంది.

కూర్చోవడం అత్తకి చేతకాదు. టీ నిలబడే తాగేది. పేపరు వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తూ చదివేది. వడ్డాది సంతకి తీసుకెళ్తే కూర కొనడం మానేసి, ఈ వారం వంకాయ ఎందుకు చవకైందో కనుక్కుంటూ కొట్టు కొట్టూ తిరిగేది. మీటింగుల్లో ఎలా కూర్చుంటావని నేను నవ్వితే, కూర్చున్నా బల్లకింద కాళ్ళు ఆడిస్తూనే ఉంటానంది. కుదురుగా కూర్చుంటే ఎదుటివాళ్ళు ఏమన్నా తలూపెయ్యాలనిపిస్తుందట.

ఆ మనిషి మా ఇంట్లో అందరి ముందూ ఒక మాట చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. మా అక్క పెళ్ళయిన మర్నాడు. రావికమతం నుంచీ చీడికాడ నుంచీ వచ్చిన చుట్టాలు బంతిలో కూర్చుని భోంచేస్తున్నారు. అందరూ చెరుకు రైతులే. మాది బెల్లం వండే ఇల్లు. పంచదార ధర పెరిగిపోతోందని ఆ ఏడు కేంద్రం ఎగుమతులు ఆపేసింది. దాంతో పంచదార ధర పడింది, వెనకే బెల్లం ధరా పడింది. బంతిలో ఆ మాటే నడుస్తోంది. ఢిల్లీలో ఈ సలహా ఇచ్చినవాడెవడో వాడికి చెరుకు గెడ ఎలా ఉంటుందో తెలుసా అని ఒక పెద్దాయన తిడుతున్నాడు.

అత్త పులుసు వడ్డిస్తోంది. గిన్నె కింద పెట్టింది.

"ఆపమని సెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను," అంది.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి కాగితాల మీద ఎవరి పేరుందో మా ఊరిదాకా ఎందుకొస్తుంది? నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నువ్వా?"

"అవునన్నయ్యా. కొనుక్కు తినే ఇళ్ళు ఎక్కువ. వాళ్ళని సూసేను."

"మరి మమ్మల్ని?"

"మిమ్మల్నీ సూసేను. సూసే సెప్పేను."

నాన్న విస్తరి ముందునుంచి లేచిపోయారు. ఆ తర్వాత చాలాకాలం చెల్లెలితో మాట్లాడలేదు. అత్త రావడం మాత్రం మానలేదు. సెలవు దొరికితే వచ్చేది. ఆవిడ ఆటో దిగడం చూసి నాన్న చేలోకి వెళ్ళిపోయేవారు. ఆవిడ వెనకే వెళ్ళేది. గట్టుమీద ముందు ఆయన, వెనక ఆవిడ, మాటా పలుకూ లేకుండా పొలమంతా తిరిగొచ్చేవారు.

అలాంటి ఒక రోజున నేను ఉండబట్టలేక అడిగాను, అసలు అక్కడ ఏం జరిగిందని. కొత్త చెరుకు గానుగకి రాకముందే ఎగుమతులు మళ్ళీ వదలాలనీ, ఈలోగా రైతుకి ఏదో ఆసరా చూపించాలనీ కూడా తను చెప్పిందట. ఢిల్లీలో ఆపమన్న సగమే విన్నారు. మిగతా సగం పక్కన పెట్టేశారు.

"ఆరోజే నాన్నకి ఈ మాట సెప్పొచ్చు కదత్తా?"

"తిట్లొచ్చే సగం వాళ్ళది, మంచి పేరొచ్చే సగం నాది అంటే ఎలాగే? రెండూ నేను సెప్పినవే. జరిగింది ఒకటి. దానికి మాట పడాల," అంది. అంటూనే లేచి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఆ సాయంత్రమే నాన్నకి చెప్పేశాను. చెల్లెలు అన్నం తిందా అని అడిగారాయన.

రిటైరై విశాఖ వచ్చాక అత్తని ఒకసారి పిల్లలతో మాట్లాడమని మా కాలేజీకి పిలిచాను. మీరు చెప్పింది ప్రభుత్వం వాళ్ళు వింటారా మేడం అని ఒకమ్మాయి అడిగింది. ఎక్కువసార్లు వినరంది అత్త. పిల్లలు నవ్వారు. "అయినా చెప్పాలి. చెప్పాక, మాకు తెలీదు అనడానికి వాళ్ళకి వీలుండదు" అంది. నవ్వు ఆగిపోయింది.

ఆ ఏడే నాన్న తనంతట తాను అత్తకి ఫోన్ చేశారు. చెరుకు తీసేసి సరుగుడు తోట వేద్దామనుకుంటున్నాను, వచ్చి ఒకసారి చూడమన్నారు. మర్నాడే బస్సెక్కి వచ్చేసింది. పొద్దుటంతా పొలంలో తిరిగి, మట్టి పిసికి, బోరు చూసి, వద్దని చెప్పింది. నాన్న అంతా శ్రద్ధగా విన్నారు. పై నెలలో సరుగుడే వేశారు. అత్తకి తెలిసి పడీ పడీ నవ్వింది. ఢిల్లీలోనూ ఇంతేనంది.

తోట ఎదిగి, అమ్మే వేళకి కర్ర ధర పడిపోయింది. నాన్న తల వంచుకుని, నువ్వు ముందే చెప్పేవమ్మా అన్నారు.

"లేదన్నయ్యా. నేను వద్దన్నది ఈ మట్టికి సరుగుడు పడదని. రేటు పడతాదని నాకూ తెలీదు," అంది అత్త.

ఒప్పుకుంటే అన్నగారి దగ్గర గెలిచినట్టే ఉండేది. తనది కాని గెలుపు ఆవిడకి అక్కర్లేదు. నాన్న మళ్ళీ చెరుకు వేశారు.

ఆ ఏడు ఎగుమతులు ఆపమనడం న్యాయమేనా? నాకిప్పటికీ తెలీదు. ధరల పాఠం చెప్పేటప్పుడు నా ముందు కూర్చునేవాళ్ళలో చెరుకు రైతుల పిల్లలే ఎక్కువ. ఎవరికి మంచి అని మాత్రమే చెప్పి ఊరుకోబోతాను. ఊరుకోలేను. ఎవరికి చెడో కూడా చెప్పేదాకా బోర్డు దగ్గర అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. ఆ నిలకడలేనితనం నాకు అత్త ఇచ్చి వెళ్ళింది. అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను.

దహనం అయ్యాక విశాఖ నుంచి కారులో తిరిగొస్తున్నాం. చోడవరం ఇంకా కాస్త దూరం ఉందనగా, చెరుకు వేసుకుని వెళ్తున్న ట్రాక్టరు ఒకటి రోడ్డంతా ఆక్రమించుకుని మా ముందు పడింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు.

"కొట్టకు బాబూ. ఎల్లనీ," అన్నారు నాన్న.

ట్రాక్టరు వెనక మేమూ నెమ్మదిగా కదిలాం. మోపుల్లోంచి జారిన చెరుకు కొసలు తారు మీద రాసుకుంటూ, ఎర్రమట్టి దుమ్ములో వంకర గీతలు గీసుకుంటూ పోతున్నాయి. మా చక్రాలు వాటి మీదుగా వెళ్తున్నాయి. నాన్న ముందుకి వంగి, ఆ గీతల్నే చూస్తున్నారు.