పడవ కడిగిన ఎండాకాలం

అనంతపురం జిల్లాలో తెరచాప పడవ ఉండేదంటే ఎవరూ నమ్మరు. దాన్ని కడిగినవాణ్ణి నేనే కాబట్టి నాకు నమ్మక తప్పదు.

డెబ్బయ్యో దశకం చివర్లో ముదిగుబ్బ వైపు ఒక జలాశయం మీద నాకు లష్కరు ఉద్యోగం వచ్చింది. తూము తలుపులు ఎత్తడం, దించడం, రోజూ పొద్దున నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం, కట్టను కనిపెట్టుకుని ఉండడం నా పని. మాది ధర్మవరం. నాయన పట్టుకు రంగులు అద్దేవాడు. మగ్గం గుంతలో కూర్చోవడం ఇష్టం లేక పోరాడి మరీ ఈ ఉద్యోగానికి వచ్చాను. వచ్చిన మూడో రోజుకే మా వీధి మగ్గాల చప్పుడు కోసం చెవులు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. కట్ట పక్కన ఒంటిగది క్వార్టరు, గుట్ట మీద తాళం వేసిన గెస్ట్‌హౌసు, దాని ముందర ఒక బోరింగు. దగ్గరి ఊరు మూడు మైళ్ళు. గాలి తప్ప నన్ను పలకరించేది ఏదీ లేదు.

ఆ ఏడు వానలు పడలేదు. కొలబద్ద మీద అన్నిటికంటే కింది అంకె కూడా ఎండలోనే ఉండేది. 'నీరు అందలేదు' అని అదే మాట రోజూ రాసేవాణ్ణి. జలాశయం మధ్యలో, పాత ఏటి పాయ ఉన్న చోట, ఒక మడుగు మాత్రం మిగిలింది.

ఆ మడుగు దగ్గరికి రోజూ మధ్యాహ్నం ఒక అవ్వ నలభై గొర్రెలను తోలుకొచ్చేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. గొర్రెలు నీళ్ళు తాగి తుమ్మచెట్ల నీడన చేరాక, ఆమె నా గది మెట్టు మీద కూర్చునేది. "ఏమప్పా, తింటివా?" అనేది. అంతే మా మాటలు చాలావరకు. ఏ గొర్రె ఈనింది, యాడ మేత దొరికింది, ఇవే కబుర్లు. కానీ రోజు మొత్తంలో నేను నోరు తెరిచేది ఆ గంటసేపే. ఆమె రాని రోజున నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

పడవ సంగతికి వస్తాను. మా ఇంజనీరు సారుది గోదావరి ప్రాంతం. సొంత ఇష్టంతో అక్కడి వడ్రంగుల చేత చిన్న తెరచాప పడవ చేయించి లారీలో తెప్పించాడు. నీళ్ళున్న రోజుల్లో రెండుసార్లు నడిపాడట. తర్వాత అది గెస్ట్‌హౌసు వెనక షెడ్డులో బోర్లా పడి ఉంది. అడుగంతా పాకుడు ఎండి అట్టకట్టింది. రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. మేకుల చుట్టూ తుప్పు చారలు.

మే నెలలో ఒకరోజు సారు జీపులో వచ్చాడు. "ఇంకో రెండు నెలల్లో కాలువ నీళ్ళు వదులుతారు. పైనుంచి పెద్దవాళ్ళు చూడటానికి వస్తారు. అప్పటికి ఈ పడవ తెల్లగా మెరిసిపోవాలి. మామూలుగా తోమితే పోయేది కాదిది. కాస్టిక్ సోడా వెయ్యి, యాసిడ్‌తో కడుగు," అన్నాడు. వెళ్ళే ముందు పడవ మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడ్డాడు. "మా ఊళ్ళో ఇంటి గుమ్మం దిగితే పడవెక్కేవాళ్ళమయ్యా," అన్నాడు, నాతో కాదన్నట్టు.

తాడిపత్రికి పోయి, బండలు పాలిష్ పట్టేవాళ్ళకు సరుకు అమ్మే అంగట్లో గాజు జాడీ నిండా యాసిడ్, ఒక సంచి సోడా తెచ్చాను. అంగడాయన జాడీ చుట్టూ వరిగడ్డి కట్టి ఇస్తూ, "చేతులు జాగ్రత్తప్పా. కడిగిన నీళ్ళు యాడపడితే ఆడ పొయ్యొద్దు," అన్నాడు. తల ఊపాను కానీ ఆ మాట బుర్రకు ఎక్కలేదు. మా వీధి కాలువలో రోజుకొక రంగు నీళ్ళు పారేవి. ఒకరోజు ఎరుపు, ఒకరోజు పచ్చ. అవి యాడికి పోతాయని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నాయన వేళ్ళు ఎప్పుడూ పగిలి ఉండేవి, దాన్ని కూడా ఎవరూ అడగలేదు.

కాలువ మరమ్మతు కూలీల సాయంతో పడవను మడుగు ఒడ్డుకు దించాను. నీళ్ళు మోసే బాధ తప్పుతుందని అలా చేశాను. సోడా కలిపి కొబ్బరిపీచుతో రుద్దితే పాత రంగు పొరలు పొరలుగా ఊడింది. నాకు భలే ఉత్సాహం వచ్చింది. చాలా నెలల తర్వాత చేతినిండా పని. బకెట్లకొద్దీ నీళ్ళు చల్లుతూ రెండు రోజులు కడిగాను. తుప్పు చారల మీద యాసిడ్ పోస్తే పొగలు లేచి చారలు పోయాయి. నురగ, రంగు, ఘాటు, అంతా ఒడ్డు వాలుగా జారి మడుగులో కలిసింది. ఆ రెండు రోజులూ అవ్వ రాలేదు, వేరే దిక్కున మేతకు పోయి అక్కడి కుంటలో మిగిలిన నీళ్ళు తాపింది.

మూడో రోజు పొద్దున చేపలు తేలాయి. చిన్నవి, పెద్దవి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డు పొడవునా. నేను వాటిని చూస్తూ నిలబడ్డాను. ఎందుకు చచ్చాయో తెలుసు. అప్పుడైనా ఊరి వైపు నడిచి అవ్వకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎండకు నీళ్ళు కాగి చచ్చి ఉంటాయిలే అని నాకు నేను చెప్పుకుని, చేపల్ని ఏరి గుంతలో పూడ్చడానికి పోయాను. నేను కట్ట అవతల తవ్వుతున్నప్పుడే గొర్రెలు దిగాయి.

అవ్వ కేక విని పరుగెత్తాను. దాహానికి ముందుగా ఉరికిన ఐదారు గొర్రెలు అప్పటికే మూతి పెట్టాయి. తలలు విదిలిస్తున్నాయి, నురగ కక్కుతున్నాయి. అవ్వ మిగతావాటిని కర్రతో అడ్డగిస్తూ, "ఈడ ఏం పోసినావు?" అని అరిచింది.

"పడవ కడిగినా అవ్వా."

"దేంతో కడిగినావు?"

చెప్పాను.

"రెండు నెల్లకు కాలువ నీళ్ళు వస్తాయి, అంతా కొట్టుకపోతాదవ్వా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. సారు మాటలే నా నోట్లోంచి వచ్చాయి.

"రెండు నెల్లకు వస్తాయి. నా గొర్రెలు ఈ పొద్దు తాగాల. యాడికి పోవాల నేను? చెప్పు, యాడికి?"

ఆమె మందను తోలుకుని పోయింది. ఒక చూడి గొర్రె తుమ్మచెట్ల దాకా నడిచి పడిపోయింది. సాయంత్రానికి అది చచ్చిపోయింది. మర్నాడు ఇంకొకటి పోయిందని కూలీలు చెప్పారు.

తర్వాతి వారం రోజులు నా గది మెట్టు ఖాళీగా ఉంది. అవ్వ ఊరి బావిలో చేది మందకు తలా కాసిని నీళ్ళు పోస్తోందట. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు కట్ట వైపు పోయేవి. ఒకరోజు పడవతో మాట్లాడుతున్నానని ఉన్నట్టుండి తెలిసింది. "నీ వల్లే కదా," అంటున్నాను దానితో. సిగ్గేసింది. పడవకేం తెలుసు?

ఆ రోజే మూడు మైళ్ళు నడిచి ఊరికి పోయాను. అవ్వ దొడ్డి దగ్గర కంపలు సర్దుతోంది. నన్ను చూసి పని ఆపలేదు. "తప్పయిపోయిందవ్వా. చేపలు చచ్చినప్పుడే తెలుసు నాకు. వచ్చి చెప్పల్యా," అన్నాను. ఆమె ఇంకో రెండు కంపలు దొడ్డికి అడ్డం పెట్టింది. చివరికి, "తెలిసి చెప్పలేదు చూడు, అదప్పా నాకు బాధ," అంది.

గెస్ట్‌హౌసు దగ్గర పగిలిన తాడిపత్రి బండలు, కొంచెం సిమెంటు మిగిలి ఉన్నాయి. వాటితో బోరింగు పక్కన తొట్టి కట్టాను. ఆ బోరింగులో కాసేపు కొడితే నీళ్ళు ఆగిపోయేవి, ఊట రావడానికి ఆగి మళ్ళీ కొట్టాలి. తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నానికి తొట్టి నిండేది. కూలీలతో కబురు పంపాను. రెండు రోజుల తర్వాత మంద గుట్ట ఎక్కింది. గొర్రెలను తొట్టి దగ్గరికి వదిలే ముందు అవ్వ దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసింది, నాలుక తాకించింది. నేను తల దించుకున్నాను. ఆ రోజు ఆమె నాతో మాట్లాడలేదు. తర్వాతి ఇరవై రోజులూ మాట్లాడలేదు. గొర్రెలు తాగేవి, పోయేవి. అయినా నలభైకి రెండు తక్కువ గొంతుల చప్పుడు ఆ గుట్ట మీద వినిపించడమే నాకు చాలనిపించేది.

ఇరవయ్యొకటో రోజున నా అరచేతుల బొబ్బలు చూసి, "ఆముదం పూసుకో," అంది.

పడవను నీటికి దూరంగా కట్ట అవతలికి ఈడ్పించి మిగతా పని ఇటుక ముక్కతో, ఇసుకతో, కుంకుడు రసంతో చేశాను. నెల పట్టింది. చారలు పూర్తిగా పోలేదు. మిగిలిన యాసిడ్‌నూ సోడానూ తాడిపత్రి అంగడికి తిరిగి ఇచ్చేసి వచ్చాను.

సారు వచ్చి చూసి ముఖం చిట్లించాడు. "ఇదేంటయ్యా, సగం తెలుపు, సగం మరక?"

జరిగింది చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన మడుగు దాకా నడిచిపోయి, ఒడ్డున పట్టిన తెల్లటి పొరను చెప్పుతో గీకి చూశాడు. "చెయ్యమంది నేనే," అన్నాడు. వెనక్కొచ్చి జీపెక్కాడు.

ఆగస్టులో కాలువ నీళ్ళు వచ్చాయి. పెద్దవాళ్ళెవరూ రాలేదు. గాలి బాగా ఉన్న ఒక మధ్యాహ్నం సారు ఒక్కడే వచ్చి తెరచాప ఎత్తాడు. "వస్తావా?" అంటే ఎక్కాను. పడవ ఒక పక్కకు ఒరిగి, కింద నీళ్ళు గలగలమంటూ సాగింది. పెద్దవాళ్ళ కోసమన్న పడవలో ఆయన పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయనకూ ఇక్కడ ఎవరూ లేరని నాకప్పుడు తెలిసింది. జలాశయం మధ్యలోంచి చూస్తే అవతలి ఒడ్డున మంద కనిపించింది. చెయ్యి ఊపాను. అంత దూరానికి అవ్వ కళ్ళకు నేను ఆనలేదు.

నీళ్ళు నిండాక ఆమెకు అవతలి ఒడ్డే దగ్గర. గుట్ట ఎక్కాల్సిన పనే లేదు. ఆమె రాకపోవడం నా మీద కోపం వల్ల కాదని నాకు తెలుసు, అయినా ఆ కొత్త నీళ్ళ మీద కొంచెం కోపం వచ్చింది. పుస్తకంలో రోజూ పెరిగే అంకెలు రాసుకుంటూ పదిహేను రోజులు ఓర్చుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం జలాశయం చుట్టూ నడిచి అవతలికి పోయాను. చేరేసరికి పొద్దు నడినెత్తి మీద ఉంది. అవ్వ సద్దిమూట విప్పుతోంది.

"ఇంత దూరం నడిచినావా?" అంది. "ఎందుకప్పా?"

"ఊరికే అవ్వా."

ఆమె సంగటి ముద్దను రెండు చేసి, పైన బుడ్డల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, వేసి, సగం నా చేతిలో పెట్టింది. ఇద్దరం గాలికి వీపు తిప్పి కూర్చుని తిన్నాం. నాకు గోరంట్లకు బదిలీ అయ్యేదాకా ఆదివారాలన్నీ అట్లాగే గడిచాయి.