బొత్తాలక్క క్లిప్పులు

నలభై మూడేళ్ళ వయసులో పళ్ళకు క్లిప్పులు వేయించుకుంటున్నానని బొత్తాలక్క ఫోనులో చెబితే, వాళ్ళ అన్నయ్య, "ఈ వయసులో ఎవరికి చూపించాలనే?" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆదివారం వచ్చిందంటే ఫోను చేస్తాడు, చెల్లెలు తిన్నదో లేదో కనుక్కుంటాడు. కానీ కొందరు మంచివాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. అడగకూడని ప్రశ్న ఏదైనా ఉంటే సరిగ్గా దాన్నే అడుగుతారు. బొత్తాలక్క "పంటి నొప్పి అన్నయ్యా, డాక్టరమ్మ వేయించుకోమంది" అని ఓ అబద్ధం ఆడేసి ఫోను పెట్టేసింది.

చూపించాల్సిన మనిషి ఉంది. ఒకే ఒక్క మనిషి. ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు లాండ్రీ సంగతి చెప్పాలి.

ఓ పెద్ద హోటలు. పైన అద్దాల తలుపులు, మెత్తటి తివాచీలు, గుసగుసగా మాట్లాడే మనుషులు. నేల కింద మాత్రం ఆవిరి, సబ్బు వాసన, దడదడలాడే ఉతుకుడు మిషన్లు. అక్కడ ఒక మూల, గోడ పైభాగాన ఉన్న చిన్న కిటికీ కింద బొత్తాలక్క కుర్చీ. ఆ కిటికీలోంచి వీధిలో నడిచే కాళ్ళు తప్ప మొహాలు కనబడవు. ఊడిన బొత్తాలు కుట్టడం, చిరిగిన దిండు గలేబులకూ దుప్పట్ల అంచులకూ కుట్లు వేయడం ఆమె పని. అందుకే ఆ పేరు. బొత్తాం కుట్టి, దారాన్ని దాని మెడ చుట్టూ తిప్పి, ముడి వేసి, తల వంచి పళ్ళతో పుటుక్కున తెంపేసేది. పక్కనే కత్తెర ఉండేది పాపం, పని లేని ఉద్యోగిలా.

ఆ పళ్ళు కూడా చక్కనివేం కావు. ముందువి రెండూ ఒకదాని మీదకు ఒకటి ఎక్కి కూర్చుంటే, పక్కది అలిగినట్టు బయటికి వచ్చేసింది. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు పెట్టిన పేర్లు నేను చెప్పను, మీరు నవ్వుతారు, నాకు ఒళ్ళు మండుతుంది. అప్పట్నుంచీ నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం వెళ్ళిపోయేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఆ మహానుభావుడైనా ఆ నవ్వు పూర్తిగా చూశాడో లేదో అనుమానమే.

మధ్యాహ్నం మడతల బల్ల మీద పాత దుప్పటి పరిచి, అందరూ డబ్బాలు విప్పి కలిసి తినేవాళ్ళు. బల్ల మొదట్లో ఇస్త్రీ పెద్దమ్మ. ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి, చేతుల నిండా పాత కాలిన మచ్చలు, నోటి నిండా హాస్యం. ఎవరిదో భారీ చొక్కా పట్టుకొచ్చి బొత్తాలక్క ముందు పడేసి, "ఈ బొత్తాం ఊడిపోలేదే, ప్రాణభయంతో పారిపోయింది. ఆ పొట్టని దగ్గర్నుంచి చూస్తే నువ్వూ పారిపోతావు" అనేది. బొత్తాలక్క కడుపుబ్బ నవ్వేది, చెయ్యి అడ్డం పెట్టుకునే. రోజు మొత్తంలో ఆమెకు అదే పండగ. సాయంత్రం మెట్లెక్కి ఒంటిగది తాళం తీశాక పలకరించే దిక్కు ఉండేది కాదు, కుళాయి చుక్కల చప్పుడు తప్ప.

ఒకరోజు అలాగే నవ్వుతుంటే పెద్దమ్మ ముద్ద చేతిలో పట్టుకుని ఆమె వంకే చూసింది. "నీ నవ్వు వినడమేగానీ నేను చూసిందెప్పుడే? నేను ఇక్కణ్ణుంచి పోయేలోపు ఒక్కసారి చూపించవే" అంది. అందరూ నవ్వారు. బొత్తాలక్కా నవ్వింది. కానీ ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికి తీసుకుపోయింది. ఎన్నేళ్ళయిందో ఆమెను ఎవరైనా ఏదైనా అడిగి. బొత్తాలు కుట్టమన్నవాళ్ళే గానీ, నీ దగ్గరున్నది ఒకటి నాకు చూపించు అన్నవాళ్ళు లేరు. మర్నాడే పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంది.

ఎందుకు వేయించుకుంటోందో ఎవరికీ చెప్పలేదు. అంతా అయ్యాక ఒకేసారి చూపించి పెద్దమ్మను ఆశ్చర్యపరచాలట. నన్నడిగితే మన కొంప ముంచేవి ఇలాంటి ముచ్చట్లే.

డాక్టరమ్మ మేనకోడలి వయసు పిల్ల. "గట్టివేవీ కొరక్కండి అమ్మా, ఏడాదిన్నర ఓపిక పడితే చాలు" అంది. గట్టివంటే తిండేననుకుంది బొత్తాలక్క. దారం గుర్తుకే రాలేదు. మొదటి వారం తల తిరిగిపోయే నొప్పి. పంటి బిగువున ఓర్చుకోవాలంటారే, ఆ పళ్ళే నొప్పయితే ఇక దేని బిగువున ఓర్చుకుంటాం? తీగ గుచ్చుకుని లోపల బుగ్గ పుండయింది. తిన్నదల్లా క్లిప్పుల్లో ఇరుక్కునేది.

క్లిప్పులతో బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజే, భోజనం మధ్యలో రెండుసార్లు లేచి నోరు కడుక్కోవాల్సి వచ్చింది. మిషన్లు చూసుకునే ఆయన "అక్క నోటికి జిప్పు కుట్టించుకుంది" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. కానీ తల దించుకున్న మనిషికి ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో ఏం తెలుస్తుంది? మర్నాటి నుంచి బొత్తాలక్క డబ్బా పట్టుకుని తువ్వాళ్ళు దాచే గదిలోకి వెళ్ళిపోయింది. అరల మధ్య స్టూలు మీద కూర్చుని, పాలలో నానేసిన రొట్టె నిదానంగా మింగేది. గోడ అవతల నవ్వులు వినబడుతుంటే, "కానీలే, పూర్తయ్యాక నేనూ వస్తాను, అప్పుడు చూస్తారు" అనుకునేది. కొన్నాళ్ళకు ఆ నవ్వులూ పలచబడ్డాయి. పెద్దమ్మకు వయసు మీద పడుతోంది పాపం అనుకుంది.

ఏడాదిన్నర అన్నది ఏడాదిన్నరతో అయితే బాగుండేది. ఒకరోజు ఎవరో అతిథి చొక్కా అర్జెంటుగా పైకి పంపాలన్నారు. బొత్తాం కుట్టింది, ముడి వేసింది, తల వంచి పుటుక్కున కొరికింది. దారంతోపాటు క్లిప్పు కూడా ఊడి ఒళ్ళో పడింది. డాక్టరమ్మ మళ్ళీ అతికించి, "ఏం కొరికారమ్మా?" అంది. "దారం." డాక్టరమ్మ నమ్మలేదు, ఎవరు నమ్ముతారు? తర్వాత కత్తెరకు నాడా కట్టి మెళ్ళో వేసుకుంది. అయినా పని తొందరలో చెయ్యి కత్తెర కోసం వెతికేలోపు నోరు తన పని కానిచ్చేసేది. క్లిప్పు ఊడటం, పళ్ళు మళ్ళీ పక్కకు జరగడం, డాక్టరమ్మ గడువు పెంచడం. అలా రెండేళ్ళు దాటిపోయింది.

ఈలోపు దారిలో పెద్దమ్మ ఎదురైతే బొత్తాలక్క మూతి బిగించుకుని తల ఊపి పోయేది. సగం పనిలో ఉన్నవి ఇప్పుడే చూపిస్తే ఎలా? పెద్దమ్మ ఏదో అనబోయినట్టు ఆగి, "తింటున్నావా?" అనేది. "ఆఁ" అనేది ఈమె. అంతటితో సరి. పెద్దమ్మ మళ్ళీ ఇస్త్రీపెట్టె మీదకు వంగేది.

చివరికి పెద్దమ్మ మోకాళ్ళు మొరాయించాయి. పని మానేసి కూతురి దగ్గరికి, ఊరి ఆ చివరకు వెళ్ళిపోతోంది. ఆఖరి రోజు అందరూ బల్ల చుట్టూ చేరారు. బొత్తాలక్కా వెళ్ళి వెనకాల నిలబడింది, మూతి బిగించుకునే. ఇంకో రెండు నెలలు పడుతుందంది కదా డాక్టరమ్మ, తీయించుకుని నేరుగా వాళ్ళింటికే వెళ్ళి చూపిస్తాననుకుంది. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఏమన్నా అని ఉంటే మనసులో పెట్టుకోకే" అంది. వెళ్ళేవాళ్ళంతా అనే మాటే కదా అనుకుంది బొత్తాలక్క. అందుకే దానికి జవాబు కూడా చెప్పలేదు.

క్లిప్పులు తీసిన రోజు డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. వరసగా, బుద్ధిగా నిలబడ్డ పళ్ళు. నాలుక జారిపోతోంది వాటి మీద. అక్కణ్ణుంచే బస్సెక్కి, దారి పొడవునా కిటికీ వైపు తిరిగి నవ్వడం సాధన చేసింది. పక్క సీటావిడ కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

పెద్దమ్మ ముందుగదిలో మంచం మీద కూర్చుని, మనవళ్ళ బట్టలు మడతపెడుతోంది. బొత్తాలక్క గుమ్మంలోనే ఆగి, చేతులు రెండూ కిందకు వదిలేసి, నిండుగా నవ్వింది.

పెద్దమ్మ ఆ పళ్ళ వంక చూసింది. చూస్తుండగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని, ఇప్పుడు చూపించి పోదామని వచ్చావా?" అంది.

"ఏంటి పెద్దమ్మా?"

"నోరు జారి ఒక్క మాటన్నానే. దానికి నోటినిండా ఇనుము కట్టించుకున్నావు. నా పక్కన తినడం మానేశావు. ఎదురుపడితే మూతి బిగించుకుని పోయేదానివి. పిచ్చిదాన్ని, నలుగుర్నీ నవ్విస్తున్నాననుకున్నా. ఒక మనిషి మనసు అంత విరిచేశాక ఇంకే మొహం పెట్టుకుని నవ్వించను? అందుకే మానేశాను."

బొత్తాలక్క మంచం అంచున కూర్చుంది. "నీకోసమే వేయించుకున్నాను పెద్దమ్మా. చూపించమన్నావు కదా."

పెద్దమ్మ చేతిలో మడత ఆగిపోయింది. "ఆ ముక్క అప్పుడే చెప్పి ఉండొచ్చు కదే."

"పూర్తయ్యాక చెబుదామని..."

"ఉన్నవే చూపించమన్నానే తల్లీ. చెయ్యి తియ్యమన్నాను, అంతే. కొత్తవి తెమ్మని ఎవరడిగారు నిన్ను?"

కుప్పలోంచి ఒక చిన్న చొక్కా తీసి బొత్తాలక్కా మడతపెట్టసాగింది. రెండేళ్ళు. రోజూ ఒక గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరు.

"పోనీలే పెద్దమ్మా" అంది చివరికి. "ఇప్పుడు చెప్పు ఏదైనా. నవ్వుతాను, చూద్దువుగానీ."

పెద్దమ్మ నిజంగానే ప్రయత్నించింది. చేతిలో బట్ట వంక చూసింది, కిటికీ వంక చూసింది, పెదాలు కదిపింది. "మానేసి చాలా కాలమైంది కదే, ఏదీ నోటికి రావట్లేదు" అంది, తప్పు చేసినదానిలా.

"తొందరేం లేదు. నిదానంగా గుర్తు తెచ్చుకో, నేను ఉంటాను" అంది బొత్తాలక్క.

వీధిలో దీపాలు వెలిగేదాకా ఉంది. బట్టలన్నీ మడతలైపోయాయి. పెద్దమ్మకు ఒక్కటీ గుర్తు రాలేదు.