ఎడమ చెవి సంగతి

మా బిడ్డకు నాలుగున్నరేండ్లు నిండినయి. ఆబిడ్స్‌లో ఒక ఇంగ్లీషు బడి ఉండేది. అక్కడ కేజీ క్లాసులో వేద్దామని ఎండకాలంలోనే తీసుకపోయిన. పోలీసు యాక్షన్ అయి అప్పటికి నాలుగైదేండ్లు. మా ఆయన నాంపల్లి కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా, చదివిందంతా ఉర్దూలోనే. ఇకముందు ఉర్దూతో కడుపు నిండదు, పిల్లకు ఇంగ్లీషు రావాల్సిందే అని ఆయన పట్టు. ఆ రోజు కోర్టుకు పోకుండ ఉండనీకి ఆయనకు రజా దొరకలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని నేనే పోవాల్సి వచ్చింది.

పెద్ద టీచరమ్మ మేజా వెనుక కూర్చుని ఉన్నది. నేను భయంలో బిడ్డ కుడిచెయ్యి గట్టిగా పట్టుకొని నిలబడ్డ. పిల్ల ఎడమపక్క ఆమె దిక్కు ఉన్నదన్న సోయి నాకు లేకపాయె.

"నీ పేరేంది పాపా?" అని అడిగింది ఆమె.

బిడ్డ కిటికీలోనుంచి రిక్షాలను చూస్తున్నది. ఆమె మళ్లీ అడిగింది. పిల్ల కదలలేదు. మూడోసారి అడిగి, కలం కింద పెట్టి నా దిక్కు చూసింది.

"పిల్లకు మాటలు వస్తయా అమ్మా?"

బిడ్డను భుజం పట్టి ఇటు తిప్పి, "పేరు చెప్పు బిడ్డా" అన్న. టక్కున చెప్పింది. పేరు చెప్పింది, నాయిన పేరు చెప్పింది, అడగకముందే అంకెలు కూడా చదివింది.

"కొత్త గదమ్మా, సిగ్గుపడ్డది" అన్న నేను. అబద్ధం అంత తొందరగా నా నోట ఎట్లా వచ్చిందో నాకే తెల్వదు.

ఆమె కాగితం మీద ఏదో రాసుకున్నది. "జూన్‌ల తీసుకరాండ్రి. కానీ ఒక నెల చూస్తం. పిల్ల క్లాసుల అందుకోకపోతే వాపసు తీసుకపోవాలె" అన్నది.

నిజమేందంటే, మా బిడ్డకు ఎడమ చెవి వినబడదు. అంతకు ముందు యేడు వానల్లో జ్వరమొచ్చి చెవి పోటు లేసింది. రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చింది. ఎల్లిపాయ కాచిన నూనె చుక్కలు చెవిలో వేసింది నేనే. తర్వాత చీము కారింది. దవాఖానకు తీసుకపోతే డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి, "పర్దా చినిగిపోయింది, ఈ చెవితో ఇక వినబడుడు కష్టం" అన్నడు. నూనెతోనే చినిగిందా అని అడిగే ధైర్యం నాకు లేకపాయె.

బడి నుంచి వచ్చినంక మా ఆయనకు అంతా చెప్పిన.

"చెప్తే తీసుకోరు. ఎవరికీ చెప్పకు. పిల్లకు కూడా చెప్పొద్దని చెప్పు" అన్నడు ఆయన.

ఇక జూన్ దాకా నాకు అదే పని. బడికి తెల్ల జాకెట్టు, నీలం గౌను కుడుతూ కుడుతూనే బిడ్డకు నేర్పిస్తుండేదాన్ని. "ఎడమపక్క గోడ ఉండేటట్టు కూర్చో. ఎవరన్న పిలిచినట్టనిపిస్తే మొత్తం తిరిగి చూడు. టీచరు పెదవులు చూడు. చెవి సంగతి ఎవరికీ చెప్పొద్దు." బిడ్డ అన్నిటికీ తల ఊపేది. నేను వెనుక నిలబడి మెల్లగ పిలిచి చూసేదాన్ని. ఒక్కోసారి తిరిగేది, ఒక్కోసారి బొమ్మతో ఆడుకుంటూనే ఉండేది. తిరగని ప్రతిసారీ పెద్ద టీచరమ్మ కలం కింద పెట్టుడు నా కండ్లముందు కనబడేది.

బడి తెరిచే వారం ముందు బూట్లు కొందామని ఆబిడ్స్‌కు పోయినం. దుకాణం నుంచి బయటకొచ్చినంక, కొంగు సర్దుకుందామని ఒక్క నిమిషం బిడ్డ చెయ్యి వదిలిపెట్టిన. హారన్ మోగింది. పిల్ల ఆ సప్పుడుకు కుడిదిక్కు తిరిగి చూసుకుంటూ, ఎడమకు, సడకు మీదికి అడుగు వేసింది. బస్సు వస్తున్నది ఆ ఎడమ దిక్కునుంచే. డబల్ డెక్కర్ బస్సు. గౌను వెనుక పట్టుకొని గుంజిన. ఇద్దరం ఫుట్‌పాత్ మీద పడ్డం. బూట్ల డబ్బా ఎటో ఎగిరిపోయింది. బస్సు గాలి నా మొకానికి కొట్టింది.

"అమ్మా, బస్సు గీ దిక్కు నుంచి వస్తున్నదనుకున్న" అన్నది బిడ్డ కుడిదిక్కు చూపించి. దానికి భయం లేదు. అప్పటిదాకా బడిలో ఉంచుకుంటరో లేదో అనే నా ఫికర్. ఒక్క చెవితో సప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదని ఆ రోజే నాకు అర్థమయింది. ఇంటికి వచ్చి మా ఆయనకు బస్సు సంగతి చెప్పలేదు, బూట్లు బిగుతుగా ఉన్నయని మాత్రం చెప్పిన.

బడి మొదటి రోజు పొద్దుగాల నాంపల్లిల మా ఇంటి నుంచి నడుచుకుంటూ పోయినం. దారి పొడుగునా బిడ్డ ఎడమపక్కనే నడిచిన. గేటు దగ్గర ఆయమ్మ పిల్లలందరినీ వరుసలో లోపలికి తీసుకపోయింది. తల్లులు లోపలికి రావొద్దన్నది. గేటు కమ్మీల సందునుంచి చూస్తే వరండా మీద క్లాసు కనబడుతున్నది. మా బిడ్డను కూర్చోబెట్టింది కుడిపక్క గోడకు. ఎడమ చెవి క్లాసు దిక్కు.

"అమ్మా, జర ఆ పిల్లను ఇటుపక్క కూర్చోబెట్టుమని టీచరుకు చెప్పవా?" అని ఆయమ్మను అడిగిన.

"ఎందుకమ్మా?"

చెప్తే చెవి సంగతి బయటపడుతదని వెనుకకు జరిగిన. ఆమె గేటు వేసుకున్నది.

ఎదురుంగ ఒక దుకాణం ఇంకా తెరవలేదు. దాని రేకుల నీడన కూర్చున్న. ఇంట్లో పొయ్యి కూడా అంటించలేదు, అయినా లేవబుద్ధి కాలేదు. లోపల పిల్లలంతా పాట పాడుతున్నప్పుడు మా బిడ్డ ఏం చేస్తున్నదో! టీచరు పిలిచిందేమో, పలకలేదేమో, మొద్దు పిల్ల అని రాసుకున్నదేమో! పన్నెండు గంటలయ్యేసరికి నా చీర వీపుకు అంటుకపోయింది.

గంట కొట్టినంక పిల్లలు వచ్చిన్రు. మా బిడ్డ అందరికంటే వెనుక, క్లాసు టీచరు చెయ్యి పట్టుకొని వస్తున్నది. చిన్న వయసు పిల్లనే ఆ టీచరు. నేరుగా నా దగ్గరికే వచ్చింది. నా పని అయిపోయిందనుకున్న.

"మీ పాప ఏమన్నదో తెలుసా అమ్మా?"

"ఏమన్నది?"

"నేను ఏదో చెప్తుంటే లేచి నిలబడి, 'టీచర్, నాకు గీ చెవి వినరాదు, నేను గాడ కూర్చుంట. మా అమ్మ ఎవరికీ చెప్పొద్దన్నది' అన్నది."

సడకు మీద నా కండ్ల నీళ్లు ఆగలేదు. "ఇప్పుడు వాపసు తీసుకపొమ్మంటరా?" అని అడిగిన.

"అది నా చేతుల లేదు. రేపు మీరే పెద్ద టీచరుతోని చెప్పండ్రి. నేను చెప్తే ఒక తీరు, మీరు చెప్తే ఒక తీరు."

తెల్లారి మా ఆయనకు చెప్పకుండానే పోయిన. అదే మేజా ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పిన. పెద్ద టీచరమ్మ చానా కోపం చేసింది.

"గీ మాట ముందే చెప్తే మీది ఏం పోతుండె? నెలంతా మేము పిల్లను తప్పుగ అనుకుంటుంటిమి. దెబ్బలు కూడా తింటుండె కావొచ్చు."

ఆ మాట నేనెన్నడూ ఆలోచించలేదు. తల వంచుకొని నిలబడ్డ. ఆమె రిజిస్టరు తీసి రెండు లైన్లు రాసింది. "ముందు బెంచీ, ఎడమ గోడ" అని ఆయమ్మకు చెప్పి, "వానకు చెవిల దూది పెట్టి పంపండ్రి" అన్నది నాతో. ఉంచుకుంటనని అనలేదు, తీసుకపొమ్మని అనలేదు.

కాబట్టి ఆ నెలంతా నేను భయంతోనే బతికిన. రోజూ ఆ రేకుల కిందనే కూర్చునేదాన్ని. దుకాణదారు అలవాటుపడి నాకొక పీట కూడా వేసేటోడు. నెల గడిచింది. ఇంకో వారం గడిచింది. పిల్లను వాపసు తీసుకపొమ్మని ఎవరూ పిలువలేదు. చివరికి బిడ్డనే గేటు దగ్గర నన్ను ఆపింది.

"నువ్వు ఇంటికి పో అమ్మా. పిల్లలందరు నవ్వుతున్రు."

సరేనన్న. మూలమలుపు దాకా పోయి, అక్కడ గోడకు ఆనుకొని నిలబడ్డ.