మేస్త్రి మంద

మంగలి ఇంటి కుక్కకు తల్లి పూడిల్, తండ్రి గొర్రెలు కాసే జాతి. తల్లి నుంచి ఉంగరాల జుట్టు, తండ్రి నుంచి అందరినీ తోలే బుద్ధి వచ్చాయి. దీపాలు వెలిగే వేళకు మొగుడూ పెళ్లాలిద్దరూ ముందుగదిలో ఉండాల్సిందే. లేకపోతే మడమలను ముక్కుతో పొడిచి మరీ తోలుకొచ్చేది. అందుకే మంగలి భార్య దానికి 'మేస్త్రి' అని పేరు పెట్టింది.

దాని జుట్టు రాలదు, దువ్వకపోతే అట్టలు కడుతుంది. రోజూ ఆవిడే దువ్వేది. "ఊరందరి తలలూ దువ్వుతారు, ఇంట్లోదాన్ని మాత్రం ముట్టుకోరు!" అని దెప్పేది. "ఇంటికొచ్చీ అదే పనా?" అని అతను తప్పించుకునేవాడు.

ఆవిడ పోయాక దువ్వెన అలాగే ఉండిపోయింది. సాయంత్రమైతే చాలు, మేస్త్రి వంటగది గుమ్మంలో నిలబడి ఆవిడ కోసం చూసేది. "ఇక రాదే తల్లీ," అంటే వినేది కాదు.

చివరకు అట్టలు చర్మాన్ని లాగేస్తుంటే, మంగలి మిషను పట్టి నున్నగా తీసేశాడు. ఆవిడ దువ్విన జుట్టు ఒక్క పోగు మిగల్లేదు. "చూశావా, ముట్టుకున్నాను," అన్నాడు వంటగది వైపు తిరిగి.

ఆ సాయంత్రం మేస్త్రి వంటగది ఛాయలకే పోలేదు. అతన్నొక్కణ్ణే ముందుగదిలోకి తోలి, మందంతా వచ్చేసినట్టు హాయిగా పడుకుంది. అతనికి ఒళ్లు మండింది.

"విశ్వాసమంటే కుక్కదేనంటారు! సిగ్గులేదూ నీకు?" అని తిట్టి, తనే వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

కాసేపటికి అతని మడమకు చల్లగా ముక్కు తగిలింది.