కంపైలర్ ఆపిన వారం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కరీంనగర్‌లోని ఉపాధి శిక్షణ సంస్థకు సిస్టమ్స్ మేనేజర్‌గా వేశారు. డైరెక్టర్ తర్వాతి హోదా అది. నా దగ్గరున్న ప్రోగ్రామర్లలో సీనియర్ శ్రీలత, జమ్మికుంట అమ్మాయి. మా ప్రధాన బాధ్యత కంపెనీల ఎంపిక పరీక్షలకు తయారయ్యేవారి కోసం నడిపే ఒక సాధన వెబ్‌సైట్. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల అభ్యర్థులు ఫోన్లో జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసి పంపేవారు. మా సర్వర్ దాన్ని కంపైల్ చేసి, నడిపి, జవాబు సరిపోయిందో లేదో చెప్పేది.

ఇక్కడ కంపైల్ చేయడమంటే, కొత్త పద్ధతిలో రాసిన ప్రోగ్రామును పాత యంత్రాలకు కూడా అర్థమయ్యే రూపంలోకి మార్చడం. ఆ పని చేసే కంపైలర్ మేం రాసింది కాదు. ఎక్కడెక్కడివారో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్యాకేజీలు అవి. ఒకటి తెచ్చుకుంటే దానికి అవసరమైనవి మరికొన్ని వెంట వస్తాయి, వాటి వెంట ఇంకొన్ని. మనం కోరి తెచ్చుకున్నవాటి కంటే కోరకుండా వచ్చినవే ఎక్కువ ఉంటాయి.

పత్తి ఏరే రోజులు. ఆ కంపైలర్‌లోని ఒక ప్యాకేజీలో లోపం ఉందని హెచ్చరిక వచ్చింది. తీవ్రతలో అన్నిటికంటే పై మెట్టు, క్రిటికల్. ఇలాంటివి తరచూ వస్తాయి కనుక, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది మనకు తగులుతుందా?

శ్రీలత వివరాలు చదివి తేలిగ్గానే చెప్పింది. "బయటోళ్ల కోడ్ కంపైల్ చేస్తెనే డేంజర్ అంటున్నరు సార్. మనం మన కోడే కంపైల్..." అని మధ్యలో ఆగిపోయింది. ముఖం మారింది. "సాధన సైట్ల అందరిదీ బయటోళ్ల కోడే కద సార్."

అభ్యర్థుల ప్రోగ్రాములు నడిచే చోటును మేం మిగతా సర్వర్‌తో సంబంధం లేకుండా గదిలా వేరుచేసి ఉంచాం. కానీ కంపైల్ అయ్యేది ఆ గది బయట. ఎవరైనా పనిగట్టుకుని ఒక రకంగా కోడ్ రాసి పంపితే, అది నడవకముందే, కంపైల్ అవుతుండగానే, సర్వర్ వాళ్ల చేతుల్లోకి పోతుంది. అదే సర్వర్ మీద అభ్యర్థుల వివరాలన్నీ ఉన్నాయి.

ఇంటి నుంచే చేసే ఉద్యోగాలిచ్చే ఒక కంపెనీ ఎంపిక పరీక్ష ఆ వారాంతంలోనే ఉంది. సైట్ ఆపుతానని డైరెక్టర్ గారికి చెప్పాను.

"పరీక్ష ముంగట వెట్టుకొని బందువెడితె పిల్లలు పరేషానయితరు. పరీక్ష అయినంక చేస్తె ఏమయితది?" అన్నారాయన.

హెచ్చరిక అందరికీ తెలిసిపోయిందనీ, లోపం వెతికేవాళ్లు పరీక్ష అయ్యేదాకా ఆగరనీ చెప్పాను. బాధ్యత నాదని రాసి ఇచ్చాక ఆయన ఒప్పుకున్నారు. ఆ మధ్యాహ్నమే సైట్ ఆపి, కారణం దాచకుండా అందరికీ సందేశం పంపాం.

వెంటనే కాగజ్‌నగర్ నుంచి స్వప్న అనే అభ్యర్థి ఫోన్ చేసింది. ఆమె కుట్టుమిషన్ పని చేసుకుంటూ, చంటిబిడ్డ నిద్రపోయినప్పుడు ఫోన్లో సాధన చేసేది. కరీంనగర్ వస్తే సైట్‌తో పని లేకుండా మా ల్యాబ్ కంప్యూటర్ మీదే సాధన చేయవచ్చని చెప్పాను.

"పోరిని ఎవల దగ్గర ఇడిసిపెట్టి రావాలె సార్?" అంది. లోపం సంగతి మళ్లీ వివరించాను. ఓపిగ్గా విని, "మీరు చెప్పేది సమజైంది సార్. గని నా పరీక్ష ఆగది కద," అంది.

ఫోన్ పెట్టేసి శ్రీలత దగ్గరికి వెళ్లాను.

సరిదిద్దిన కొత్త వెర్షన్ అప్పటికే వచ్చింది. దాన్ని పెట్టడం ఒక ఆదేశంతో అయ్యే పనే. కానీ కోరకుండా వెంట వచ్చిన ఒక చిన్న ప్యాకేజీ పాత వెర్షన్‌నే పట్టుకుని ఉంది. దాన్ని రాసినాయన ఎప్పుడో వదిలేశాడు, మేమూ ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. శ్రీలత బలవంతంగా కొత్తది పెట్టి, అభ్యర్థులు ఇదివరకు పంపిన జవాబులన్నీ మళ్లీ నడిపించింది. కొన్ని సరైన జవాబులను సర్వర్ తప్పని చూపించింది. అలాగే తెరిస్తే అభ్యర్థులు తమ మీద తామే నమ్మకం పోగొట్టుకునేవారు. ఆ చిన్న ప్యాకేజీని తీసేసి, అది చేసే పనిని శ్రీలత సొంతంగా రాసింది. కంపైలర్‌ను కూడా ఆ వేరు గదిలోకి మార్చాం. పాస్‌వర్డులన్నీ మార్చాం. అంతకుముందు ఎవరైనా ఆ దారిన వచ్చారా అని వెతికితే ఆనవాలు దొరకలేదు. దొరకలేదనే డైరెక్టర్ గారికి రాశాను. రాలేదని రాయలేదు.

సైట్ తెరిచేసరికి పరీక్ష అయిపోయింది.

స్వప్న ఎంపిక కాలేదు. నేనే ఫోన్ చేశాను. సాధన ఆగిన భాగంలోనే ప్రశ్నలు పోయాయని చెప్పింది.

ఆ చలికాలమంతా శ్రీలతా నేనూ మరో పని పెట్టుకున్నాం. కంపైల్ చేయడం, నడపడం, జవాబు సరిచూడటం అన్నీ సర్వర్‌లో కాకుండా అభ్యర్థి ఫోన్లోనే జరిగేలా మార్చాం. ఇక సర్వర్ ఆపినా సాధన ఆగదు. పాత ఫోన్లలో నడుస్తుందో లేదో చూడటానికి స్వప్ననే అడిగాం. "ఫోన్ జర గరమైతుంది సార్, గని నడుస్తుంది," అంది. తర్వాతి ఎంపికలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. అయితే ఇంటి నుంచి చేసే మొదటి అవకాశం పోయి, బిడ్డతో సహా ఊరు మారాల్సి వచ్చింది.

ఆ వారం సైట్ ఆపడం సరైన నిర్ణయమే. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆపుతాను. కానీ అప్‌డేట్లు తొందర లేని రోజుల్లో కొంచెం కొంచెంగా చేసుకుంటూ వస్తేనే, తొందర వచ్చిన రోజున అవి ఒక పూటలో అవుతాయి. అలా చేయని చోట, ఆగిన రోజుల నష్టం ఆ నిర్ణయంలో భాగం లేనివాళ్ల మీద పడుతుంది.