ఒంటి పలక గోడ

హార్లెమ్ పట్టణ చరిత్రలో శత్రుసేనల ముట్టడికి దక్కిన గౌరవం హిల్లా ముసలమ్మ పొద్దుటి తట్టుడుకు దక్కలేదంటే అది చరిత్రకారుల అలసత్వమే.

పూర్వం బీరు కాచే ఆసామి ఒకాయన దిక్కులేని ముసలమ్మల కోసం ఆవరణ చుట్టూ చిట్టిళ్లు కట్టించాడు. పుణ్యం మీద ఎంత ఆశో, కలప మీద అంత పొదుపు. పడకలు గోడలో అలమరల్లా అమర్చి, పక్కింటి పడకకూ దీనికీ మధ్య ఒక్క చెక్క పలకతో సరిపెట్టాడు. రోజూ తెల్లవారగానే హిల్లా ఆ పలక మీద తట్టేది. అవతల నుంచి పక్కింటి మర్రెట్ బదులు తట్టేది. ఇద్దరూ బతికే ఉన్నారని ఆ విధంగా అధికారికంగా ఖరారయ్యేది.

అలాంటి సంప్రదాయం బఠాణీ సూపు వల్ల భగ్నమైంది. ఆ ఊళ్లో సూపన్నాక చెంచా నిలబడేంత చిక్కగా ఉండాలి. హిల్లా సూపులో అది వాలిపోయింది. మర్రెట్ గిన్నె ఖాళీ చేసి మరీ, పంపు దగ్గర నలుగురూ వినేలా అంది: "ఇందులో చేపలు పెంచుకోవచ్చు తల్లీ."

మర్నాడు హిల్లా తట్టలేదు. చచ్చిపోయాననుకుని కాసేపు హడలిపోనీ అని చెవి మీద దిండు అదుముకుని పడుకుంది. కొంతసేపటికి ఆవరణలో ఎవరో దబ్బున పడిన చప్పుడు దిండులోంచి కూడా వినిపించింది. మంచు కట్టిన రాళ్ల మీద మర్రెట్ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాళ్లకు చెక్క జోళ్లు కూడా లేవు.

ఆనాటి నుంచి హిల్లా ఆమె గడప కడిగింది, పొయ్యి రాజేసింది, జుట్టు దువ్వింది. ఇంత మంచి ఇరుగు దొరకడం అదృష్టమని ఆవరణంతా చెప్పుకుంటుంటే, హిల్లా తల వంచుకుని, కడిగిన గడపే మళ్లీ కడిగేది. నిజం చెబితే ఉన్న ఒక్క స్నేహితురాలూ మొహం తిప్పేసుకుంటుంది. చెప్పకపోతే రాత్రి నిద్ర లేదు, పక్కన ఆ పలక ఒకటి.

చివరికి ఒకనాడు చెంచా సైనికుడిలా నిలబడే సూపు చేసి తీసుకెళ్లింది. మర్రెట్ తింటుండగా, గిన్నె వైపే చూస్తూ అంది:

"ఆ రోజు నేను మెలకువగానే ఉన్నా. కావాలనే తట్టలేదు. నాకేమైందో అనే కదా నువ్వు జోళ్లు కూడా తొడుక్కోకుండా పరుగెత్తావు."

మర్రెట్ చెంచా నాకి పక్కన పెట్టింది.

"తట్టలేదా? నేను పడక మీద ఉంటే కదా తెలియడానికి. నీ సూపు అప్పటికే నన్ను లేపేసింది."

ఆవరణలో అందరికీ కలిపి ఉన్నది ఒకే మరుగుదొడ్డి. అది పంపుకు అవతల, ఆ చివర ఉంది.